క్వారీ కాడికెళ్లి

మొన్న ఆదివారం పొద్దున్నే పాలప్యాకెట్లు తీసుకుని లిఫ్టు ఎక్కితే, పై అంతస్తులో ఉండే కడప కుర్రాడు తన కొత్త సైకిలును వెనక చక్రం మీద నిలబెట్టి పట్టుకుని, నాకు చోటివ్వడానికి మూలకు ఒదిగాడు. కుర్రాడంటున్నాను గాని పెళ్ళయినవాడే. గచ్చిబౌలిలో ఏదో పెద్ద కంపెనీలో ఉద్యోగం, వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం నాడు నడుము గుర్తుకొచ్చే బాపతు. ఆ సైకిలు టైర్లు లావుగా, పళ్ళు పళ్ళుగా ఉంటే చూసి ముచ్చటపడి అడిగాను, ఇదేం సైకిలు బాబూ అని. గ్రావెల్ బైక్ అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "అంకుల్, మీరు ఇంకొకాయనా కలిసి ఈ చుట్టుపక్కల మట్టిరోడ్లన్నీ సైకిళ్ళ మీద తిరిగేవారంట కదా, వాచ్‌మన్ చెప్పినాడు. మంచి రూట్ ఏదన్నా ఉంటే చెప్పండి, కొంచెం సీనిక్‌గా ఉండాల" అన్నాడు. నాకేం తెలియదు నాయనా, అన్నీ రోడ్లేసేశారుగా అని చెప్పి, నా అంతస్తు రాగానే దిగిపోయాను. ఆ పూటంతా ఆ అబద్ధం గొంతులో మాత్ర అడ్డం పడ్డట్టు దిగలేదు.

గ్రావెల్ అన్న మాట ఆ అబ్బాయికి కొత్తగా కొనుక్కున్న మాట కావచ్చు గాని, మా తెనాలి వైపు అది పలుగూ పారా పట్టేవాళ్ళ నోట్లో నానిన మాటే. ఊరికి రోడ్డు వేయించమని అడిగితే నాయకులు ముందు గ్రావెల్ తోలిస్తామనేవారు, తోలించాక తారు సంగతి మరిచిపోయేవారు, మేమూ ఆ ఎర్రమట్టి మీదే పెరిగి పెద్దవాళ్ళమైపోయేవాళ్ళం. తర్వాత బాలానగర్లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, బోరబండలో ఒకటే గది కిరాయికి తీసుకుని, రోజూ రైలుపట్టాల పక్కన కంకర బాట మీద సైకిల్ తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. టిఫిన్ క్యారియర్లో సాంబారు ఆ కుదుపులకు చిందిపోయి, మధ్యాహ్నానికి అన్నమే మిగిలేది. అప్పట్లో మట్టిబాటలో అందం వెతకడమనేది ఎవరైనా చెబితే వాడికి మతి పోయిందనుకునేవాణ్ణి. తారురోడ్డు పక్కన ఇల్లు దొరకడమే జీవితాశయమని నమ్మినవాళ్ళం మనమంతా, మీకు తెలియనిదేముంది.

ఆ నమ్మకాన్ని చెడగొట్టినవాడు మా వియ్యంకుడు.

మా అమ్మాయి ఆఫీసులో తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటానంది. వాళ్ళది ఇక్కడే, గచ్చిబౌలికి పడమటగా, ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట ఒకప్పుడున్న ఊరు. పిల్లవాడు బుద్ధిమంతుడు, వాళ్ళు మర్యాదస్తులు, అయినా మా ఇంట్లో కొన్నాళ్ళు ముఖాలు ముడుచుకుని తిరిగాం. భాష మీద వంక పెట్టాం, వంట మీద వంక పెట్టాం, పెట్టడానికి ఇంకేమీ దొరక్క ఒప్పుకున్నాం. తాంబూలాలనాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేసి, "లింగంపల్లికెళ్లి వస్తున్నం బావా" అన్నాడు. పాపం లింగంపల్లికి వెళ్ళే పనేదో ఉంది కాబోలు, అది చూసుకుని వస్తారని మేము పొయ్యి తగ్గించాం. మా ఆవిడ తలంటుకోవడానికి వెళ్ళింది. చూస్తుండగానే గుమ్మంలో వాళ్ళ బండ్లు ఆగాయి. నేను పాత లుంగీలో ఉన్నాను, మా ఆవిడ తలకు తువ్వాలుతో ఉంది, వంటింట్లో గారెల పిండి ఇంకా గ్రైండర్లోనే ఉంది. లింగంపల్లికి వెళ్ళడం కాదు, లింగంపల్లి మీదుగా వస్తున్నారని అప్పుడు తెలిసింది. మనం 'నుంచి' అనే చోట వాళ్ళు 'కెళ్లి' అంటారు. ఏడికెళ్లి వస్తున్నవ్ అంటే ఎక్కడినుంచి వస్తున్నావని. ఈ సంగతి చెప్పుకుని రెండు ఇళ్ళలోనూ చాలా కాలం నవ్వుకున్నాం, ఆయన కనబడినప్పుడల్లా మా ఆవిడను "తల ఆరిందా చెల్లెమ్మా" అని ఏడిపించేవాడు.

నేను ఆయన్ని బావగారూ, మీరు అనేవాణ్ణి. ఆయన మొదటిరోజే బావా, నువ్వు అన్నాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడు కూడానేమో, అయినా ఆ నువ్వు నాకు కొన్నాళ్ళు చురుక్కుమంది. తర్వాత ఆ పిలుపు లేనిదే పొద్దు గడిచేది కాదు.

మేము పిల్లలకు దగ్గరగా ఉంటుందని ఈ అపార్టుమెంటుకు వచ్చాక, ఇద్దరికీ షుగరు బయటపడింది, ఇద్దరికీ డాక్టరు ఒకే మాట చెప్పాడు. పార్కులో గుండ్రంగా నడవడం ఆయన వల్ల కాలేదు. గానుగెద్దులమా మనం అని సైకిలు తీశాడు, నాచేత తీయించాడు. తారు మీద తొక్కడానికి మాత్రం ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "గీ డాంబర్ రోడ్డు మీద తొక్కితే ఏమొస్తది బావా, ఆఫీసు బస్సుల పొగ మింగుడు తప్ప. మట్టి బాట తొక్కాలె" అనేవాడు. మా ఊళ్ళో పొలాల మధ్య బండ్లు పోయే దారిని డొంక అంటాం. చిన్నప్పుడు డొంకల్లో సైకిల్ నేర్చుకున్నానని నేను చెబితే, ఆయన నిలువునా ఆగిపోయి, ముండ్లు గుచ్చుకోలేదా అని అడిగాడు. ఆయన లెక్కలో డొంక అంటే ముళ్ళపొద. ఇట్లా ఒకరి తెలుగు ఒకరికి అనువదించుకుంటూ తొక్కేవాళ్ళం.

బాటలు వెతకడంలో మా పద్ధతులు మాకుండేవి. పొద్దున్నే బర్రెలు ఏ సందులోంచి రోడ్డెక్కుతున్నాయో చూసి, అవి వచ్చిన దిక్కుకు మేము వెళ్ళేవాళ్ళం, ఎందుకంటే బర్రెలు వచ్చిన చోట నీళ్ళుంటాయి, నీళ్ళున్న చోటికి పాత బాట ఉండి తీరుతుంది. టిప్పరు చక్రాలకు ఎర్రమట్టి కనబడితే అది ఎక్కడ అంటిందో ఆరా తీసేవాళ్ళం. పాత కరెంటు తీగల కింద తొక్కుకుంటూ పోవడం ఆయనకు మరీ ఇష్టం, ఎవరూ నడవకపోయినా తీగ కింద జాగా మిగులుతుందనేవాడు. కంకర ఎక్కువగా ఉన్న చోట టైర్లలో గాలి కాస్త తగ్గించుకునేవాళ్ళం, జారకుండా ఉంటుందని. ఫోను మ్యాపును ఆయన నమ్మేవాడు కాదు, దానికి బాట అంటే కారు పోయేదే అని వెక్కిరించేవాడు.

ఆ బాటల అందం ఇప్పుడు చెబితే ఎవరికి నమ్మకం కుదురుతుంది. అంత ఎత్తు గుండ్లు, అంటే బండరాళ్ళు, ఒకదానిమీద ఒకటి నిలబడి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, కార్తీకంలో పచ్చగా విరగబూసిన తంగేడు, మలుపు తిరిగితే ఎదురుగా చెరువు, దాని అలుగు మీద ఒంటికాలి కొంగలు. నెమళ్ళు మా బెల్లులకు బెదిరేవి కావు. అయితే ఎటు తిరిగినా ఆ అందం వెనక క్రేనులు కనబడేవి. మొదట్లో దూరంగా ఉండేవి, తర్వాత దగ్గరకు వచ్చాయి, తర్వాత మేము వాటి కిందనుంచే తొక్కాల్సి వచ్చింది. ఒక ఆదివారం తొక్కిన బాట మళ్ళీ ఆదివారానికి నీలిరంగు రేకుల వెనక్కి వెళ్ళిపోయేది. రేకుల ముందు మా సైకిళ్ళు ఆపుకుని మేము మంచినీళ్ళు తాగి, వెనక్కి తిరిగేవాళ్ళం. మొదట్లో ఆయన బూతులు తిట్టేవాడు. కొన్నాళ్ళకు తిట్టడం కూడా మానేశాడు, దానికే నాకు భయం వేసింది.

ఆ బాటల మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకో చాలా ఆలస్యంగా అర్థమైంది నాకు. వాళ్ళ ఊరి చెరువు వెనకాల వాళ్ళకు కొంత చెలక ఉండేది, మెట్టభూమి. ఆ భూమి ఎప్పుడో చేతులు మారి, మళ్ళీ మారి, ఒక కంపెనీ కిందికి వచ్చింది. దాని అంచున వాళ్ళ అమ్మా నాన్నల సమాధులున్నాయి. వాళ్ళలో కాల్చరు, పూడుస్తారు. ఏటా పెత్రమాసనాడు, అంటే పెద్దల అమావాస్య రోజున, గారెలూ బువ్వా సైకిల్ క్యారియర్‌కు కట్టుకుని బండ్ల బాట మీద వెళ్ళి సమాధుల దగ్గర పెట్టి రావడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ. ఒక్క ఏడు కూడా తప్పలేదట. ఒకరోజు చెరువుగట్టు మీద కూర్చున్నప్పుడు అడిగాడు, "మీ నాయన ఏడున్నడు బావా?" అని. కృష్ణలో కలిపామని చెప్పాను. "అయితే నీకు బాట ఫికర్ లేదు" అన్నాడు. ఎగతాళిగా కాదు, నా అదృష్టానికి కాస్త అసూయపడుతున్నట్టుగా అన్నాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టే సమయానికి ఆ బండ్ల బాట మొదట్లోనే రేకులు లేచాయి. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆఫీసులో అడగమన్నారు, ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసులో అడగమన్నారు. మా అల్లుడు ఇంగ్లీషులో మెయిళ్ళు పెట్టాడు, జవాబు రాలేదు. చెరువుగట్టు వైపు దారి కూడా తవ్వేశారు. పెత్రమాస దగ్గర పడుతోంది, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక చుట్టుతిరిగి వెనకనుంచి ఏదైనా బాట ఉందేమోనని ఇద్దరం రోజూ వెతకడం మొదలుపెట్టాం. ఎప్పుడో వదిలేసిన రాళ్ళ క్వారీ ఒకటుంది, నిండా పచ్చటి నీళ్ళతో. దాని అవతల గుండ్ల మధ్యనుంచి చిన్నప్పుడు మేకలు తోలిన జ్ఞాపకం ఆయనకు. ముళ్ళకంపలు అడ్డం పడి రెండుసార్లు మధ్యలోంచే తిరిగొచ్చాం.

ఆ రోజు నేను కంటి పరీక్షకు దవాఖానకు వెళ్ళాల్సి ఉండి ఆయనతో వెళ్ళలేదు. బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. గాలి హోరు, మధ్యలో ఆయన గొంతు. "బావా, బాట దొరికింది. పడ్డ, కాలు లేస్తలేదు. క్వారీ కాడికెళ్లి రా, జల్ది రా." అంతే, కట్ అయిపోయింది, మళ్ళీ ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

లింగంపల్లి సంగతి మీకు చెప్పాను కదా, అంత నవ్వుకున్నవాణ్ణే, కంగారులో మళ్ళీ మా తెనాలి చెవితోనే విన్నాను. క్వారీ దగ్గరికి వెళ్ళి చూడమంటున్నాడనుకున్నాను. సైకిల్ మీద పడుతూ లేస్తూ క్వారీ దగ్గరికి వెళ్ళాను. తడిమట్టిలో ఆయన టైరు గుర్తు అంచుదాకా వచ్చి రాళ్ళ మీద మాయమైంది. ఇక నా కళ్ళకు ఆ నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. బావా బావా అని అరిచాను, బావగారూ అన్నది ఏమైపోయిందో. పక్కన కట్టుబడి పనిచేస్తున్న వాళ్ళు పరుగెత్తుకొచ్చారు, హిందీ మాట్లాడే ఊళ్ళవాళ్ళు. నేను చేతులు తిప్పుతూ చెప్పింది వాళ్ళకు ఏం అర్థమైందో గాని, ఇద్దరు చొక్కాలు విప్పి నీళ్ళలోకి దూకారు. ఎవరిదో పాత చెప్పు ఒకటి దొరికింది. అది ఆయనది కాదని తెలిసి కూడా దాన్ని చేత్తో పట్టుకునే నిలబడ్డాను. ఎండెక్కింది.

నేను ఫోన్ చేస్తే మా అల్లుడు ఆఫీసునుంచి వచ్చాడు. నాన్న ఏమన్నాడో సరిగ్గా అదే మాట చెప్పండి మామయ్యా అన్నాడు. చెప్పాను. వాడి మొహం మారిపోయింది. "మామయ్యా, నాన్న క్వారీల లేడు. క్వారీ దిక్కుకెళ్లి రమ్మన్నడు, ఇటునుంచి రమ్మన్నడు. సమాధుల కాడ ఉన్నడు" అని గుండ్ల వైపు పరుగు తీశాడు. చెరువు దారి తవ్వేశారు గనక నేను అటు రాకుండా, క్వారీ మీదుగా రావాలని చెప్పడం ఆయన ఉద్దేశం. తాను ఎక్కడ ఉన్నాడో చెప్పనే లేదు, ఎందుకంటే ఇంకెక్కడ ఉంటాడని ఆయన నమ్మకం. నాకు అది తెలుసునని ఆయన అనుకున్నాడు.

కంపలు నరికి ఆయన చేసుకుపోయిన సందులోంచి మేమూ దూరి వెళ్ళాం. నిజంగానే బాట ఉంది, సన్నగా, మొరం, అదే మా గ్రావెల్, తేలి, రెండు గుండ్ల మధ్యనుంచి చెలక మీదికి దిగుతోంది. ఆ దిగుడులోనే జారాడు. సైకిల్ మీద పడి, తుంటి విరిగి, నీడ లేని చోట వెల్లకిలా పడి ఉన్నాడు. తల కాస్త ఎత్తితే ఆ సున్నం కొట్టిన సమాధులు రెండూ కనబడే దూరం. పెదవులు పగిలిపోయాయి. మమ్మల్ని చూసి కళ్ళు నా మీద నిలిపి, "ఏంది బావా, గింతసేపు... ఏడికెళ్లి వస్తున్నవ్?" అన్నాడు. నేను నా నీడ ఆయన మొహం మీద పడేటట్టు వంగి కూర్చున్నాను.

తొందరగా తెచ్చినా ఆ వయసులో తుంటి అంతేనని డాక్టర్లు అన్నారు, ఎవరి తప్పూ లేదని అందరూ అన్నారు. ఆయన మాత్రం చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ ఇదొక తమాషాగా చెప్పేవాడు, మా బావ నన్ను నీళ్లల్ల దేవులాడిండు, నేనేమో ఒడ్డున పండుకుని ఉన్న అని. చెప్పి నవ్వేవాడు, నవ్వు మధ్యలో నొప్పి వచ్చి ఆగిపోయేవాడు. పెత్రమాస ఆయన మంచం మీదే గడిచింది. ఆ పొద్దున మా అల్లుడూ నేనూ గారెలు కట్టుకుని క్వారీ మీదుగా వెళితే, గుండ్ల మధ్య ఆ సందుకు అడ్డంగా ప్రహరీగోడ పునాది తీసి ఉంది. గుంత అవతలికి విసరడానికి చేతులు రాక, గారెలు అక్కడే ఒక రాతి మీద పెట్టి వచ్చాం. సమాధుల దగ్గరే పెట్టి వచ్చాం బావా అని ఇంటికొచ్చి చెబితే, ఆయన సరే అన్నాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన చలికాలం దాటలేదు. పోయేముందు వాళ్ళమ్మ పక్కన పెట్టమన్నాడు. ఒకే ఒక్క కోరిక. గోడ అప్పటికి నిలువెత్తు అయింది, గేటు దగ్గర మళ్ళీ అదే పాట, పర్మిషన్ కావాలని. చివరికి కరెంటు దహనవాటికకు తీసుకెళ్ళారు, వాళ్ళ వంశంలో కాలినవాడు ఆయనే మొదటివాడట. బూడిద ఏం చేయాలో వాళ్ళకు తెలియదు, ఆ ఆనవాయితీ లేదు గదా. మా అల్లుడు ఆ కుండ ఒళ్ళో పెట్టుకుని నన్నడిగాడు, ఏం చేద్దాం మామయ్యా అని. ఆ విద్య నాకొక్కడికే తెలుసు. కారులో కృష్ణకు తీసుకెళ్ళాం. దారి పొడుగునా నున్నటి తారురోడ్డు, ఒక్క కుదుపు లేదు. మా నాన్నను కలిపిన రేవులోనే ఆయన్నీ కలిపాను. నీళ్ళలో చెయ్యి కడుక్కుంటుంటే, ఇక ఈయనకూ బాట ఫికర్ లేదు అని ఎవరో నా నోటితోనే అన్నట్టు అనిపించి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

అందుకే ఆ కుర్రాడికి అబద్ధం చెప్పాను. నాకు తెలిసిన బాటలన్నీ ఒక్కచోటికే పోతాయి, ఆ చోటికి పోయే బాట లేదు.

నిన్న మళ్ళీ లిఫ్టులో కలిశాడు. టైర్లకు ఎర్రమట్టి. మొహం వెలిగిపోతోంది. నేను చెప్పకపోయినా తనే వెతుక్కున్నాడట, భలే చోటు అంకుల్ అని ఫోన్లో ఫొటో చూపించాడు. ఎక్కడో గుండు మీదికెక్కి తీసినట్టుంది. కింద ప్రహరీగోడ, గోడ లోపల తవ్విన మట్టి కుప్పలు, వాటి అవతల ఇంకా ఎవరూ ముట్టుకోని కాస్త చోటు. ఆ చోట్లో సున్నం రాలిపోయిన సమాధులు రెండు. పొద్దుటెండలో అందంగానే ఉన్నాయి.

ఏ దారిన అక్కడికి చేరాడో, ఎటునుంచి ఎక్కితే అవి కనబడ్డాయో కనుక్కోవాలని ఒక్కటే ఆత్రం. ఆ ఆత్రంలో నా తెనాలి నోటినుంచి ఆయన మాట వచ్చింది. "ఏడికెళ్లి పోయినవ్ నాయనా?" అన్నాను.

ఆ అబ్బాయి అర్థంకానట్టు చూశాడు. "ఎక్కడికీ వెళ్ళలేదంకుల్, అట్నుంచి సీదా ఇంటికే వచ్చేసినా" అన్నాడు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నేను నవ్వబోయాను. ఇది చెప్పుకుని నవ్వడానికి ఆయన ఉంటే బాగుండును, లింగంపల్లి తర్వాత ఇదే గొప్పదని చెప్పి మా ఆవిణ్ణి కూడా నవ్వించేవాడు. ఇన్ని వందల ఇళ్ళున్న ఈ మేడలో తెనాలి వాళ్ళున్నారు, కడప వాళ్ళున్నారు, ఎక్కడెక్కడి వాళ్ళో ఉన్నారు, అందరమూ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళమే. ఈ మట్టి మీద పుట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు, కెళ్లి అంటే నుంచి అని తెలిసినవాళ్ళూ మా ఆవిడా నేనూ తప్ప ఎవరూ మిగల్లేదు. ఆ మాట నేర్చుకోవడానికే నాకు ఇంత కాలం పట్టింది.